ఇరవై నాలుగు బై ఎనిమిది

గిలాదు స్కూలు హెడ్‌మిస్ట్రెస్ కుర్చీ జోజమ్మకి రాకుండా పోయింది. కారణం ఒక ఫొటో. అందులో ఆమె లేదు.

స్కూలు పెట్టిన స్టీఫెన్ మాస్టారు బతికుండగానే ఒక కట్టుబాటు చేసి పోయారు. ఆ కుర్చీలో మొదటి రోజు నుంచి ఉన్నవాళ్ళే కూర్చోవాలని. ఆయన తర్వాత ఇద్దరు అలాగే కూర్చున్నారు. ఆ రెండో ఆవిడ మొన్న వర్షాకాలంలో జ్వరం వచ్చి పోయింది. మొదటి రోజు వాళ్ళలో ఇక మిగిలింది జోజమ్మ ఒక్కతే. స్టాఫ్ రూములో అటెండరు దగ్గర్నుంచి లెక్కల మాస్టారి దాకా అందరికీ తెలిసిన సంగతే అది. మాస్టారి కొడుకు సువర్ణరాజు, ఇప్పటి కరస్పాండెంటు, క్రిస్మస్ సెలవుల తర్వాత మీటింగు పెట్టి, గొంతు సవరించుకుని, "మొదటి రోజు నుంచి ఉన్నది మా వినీలేనండీ," అనేదాకా.

వినీల ఆయన కోడలు. బి.ఇడి. చేసింది. పోయినేడే ఏడో తరగతికి ఇంగ్లిషు చెప్పడం మొదలుపెట్టింది.

"వినీల అప్పుడు ఒకటో తరగతి పిల్ల కదండీ," అంది జోజమ్మ.

"ఉంది కదా మరి! టీచరే అయ్యుండాలని నాన్నగారు అన్నారా? మొదటి రోజు నుంచి ఉన్నవాళ్ళు అన్నారు. ఫొటో చూడండి. ముందు వరసలో రెండు జడలు."

"నేనూ ఉన్నానండీ ఆ రోజు."

"మీరు మూడో ఏడు చేరారు కదా మేడమ్."

"మొదటి రోజే చేరాను. రమ్మని కబురు పెట్టింది మీరే."

"ఫొటోలో లేరు మరి," అన్నాడు సువర్ణరాజు, ఆమెని ఓదారుస్తున్నట్టు. మొదటి రెండేళ్ళ కాయితాలు ఎప్పుడో చెదలు తినేశాయి. లెక్కల మాస్టారు కిటికీలోంచి బయటికి చూశాడు. తెలుగు టీచరు పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టింది. అటెండరు అయితే టీ గ్లాసులు తియ్యడానికి వచ్చి, తియ్యకుండానే వెళ్ళిపోయాడు.

"అన్నట్టు మేడమ్," అన్నాడు సువర్ణరాజు లేస్తూ, "రజతోత్సవానికి ఫొటోలన్నీ పెట్టి స్లైడ్ షో చెయ్యాలి. కంప్యూటర్లు మీవే కాబట్టి మీరే చూడండి."

జోజమ్మకి అరికాలు నుంచి మంట లేచింది. ఆమె ఆ స్కూల్లో లేదని సాక్ష్యం చెప్పే ఫొటోని ఆమే శుభ్రం చేసి, ఆమే పెద్దది చేసి, ఊరందరికీ చూపించాలన్నమాట. అయినా సరేనంది. వద్దంటే ఇంకెవరో చేస్తారు, తలలు తెగ్గొట్టి మరీ.

ఆ ఫొటో తెలియనివాళ్ళు నూజివీడు చుట్టుపక్కల తక్కువ. స్కూలు డైరీ మీద అదే, క్యాలెండరు మీద అదే, స్కూలు బస్సు వెనకాల అదే. మామిడికాయలు ప్యాక్ చేసే షెడ్డు ముందు తీశారు, స్కూలు మొదలైంది ఆ షెడ్డులోనే. వెనక ఎండుగడ్డి మోపులు. మధ్యలో కుర్చీలో స్టీఫెన్ మాస్టారు. ఆయన చుట్టూ నలుగురు టీచర్లు, కింద పిల్లలు. కుడివైపు చివర, ముప్పయ్యేళ్ళ సువర్ణరాజు ఒక చెయ్యి బారచాపి నిలబడి ఉంటాడు. మణికట్టు దగ్గర ఫొటో అయిపోతుంది. తోటల్లో తిరిగే పిల్లల్ని బడికి రమ్మని పిలుస్తున్నానని ఏటా ఆ రోజు గురించి చెప్పేటప్పుడు చెప్తాడు.

ఆ రాత్రి వంట చేస్తూ ఆమె గిన్నెల మీద చూపించిన కోపానికి జయకర్ టీవీ సౌండు తగ్గించేశాడు. ఆమె భర్త ఆర్టీసీలో కండక్టరు, చింతలపూడి బస్సు. ఇంట్లో ఉన్నప్పుడు కూరగాయల పని ఆయనదే. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అన్నాడు, "దానికింత ఆలోచన ఎందుకు? ఫొటో కొయ్యకుండా టీవీలో పెట్టు. పట్టీలోకి నువ్వు రావా ఏంటి? తీసుకెళ్ళి అతని మొహాన కొట్టు."

"ఆ మాత్రం నాకు తట్టలేదనుకుంటున్నారా? సాయంత్రమే పెట్టి చూశాను. రాలేదు."

పాత ఫొటోలు నాలుగుకి మూడు. ఇప్పటి టీవీలు పదహారుకి తొమ్మిది. పాతదాన్ని కొత్తదాంట్లో పెట్టాలంటే మూడే దార్లు. పెద్దది చేసి కోస్తే తలలో కాళ్ళో పోతాయి. అడ్డంగా సాగదీస్తే పెళ్ళికూతురు బస్తాలా అవుతుంది. ఉన్నదున్నట్టు ఉంచితే అటో నల్లపట్టీ, ఇటో నల్లపట్టీ మిగులుతాయి. ఆ పట్టీల్లోకి, ఫొటో తీసినప్పుడు దానికి అందకుండా పక్కన నిలబడినవాళ్ళు వస్తారు. వెంటనే రారు. పాత ట్యూబులైటు వెలిగినట్టు, కాస్త నిదానంగా వస్తారు. అందుకే స్లైడ్ షోలు చేసేవాళ్ళు ఫొటోకి మూడు నాలుగు సెకన్లకి మించి ఇవ్వరు, లేకపోతే పట్టీల మీద పూల బోర్డరు వేసేస్తారు. బస్టాండు దగ్గర స్టూడియోల్లో ఆర్డరు తీసుకునేటప్పుడే అడుగుతారు: "పట్టీలు ఉంచమంటారా, మూసెయ్యమంటారా?" మగపెళ్ళివారు మూసెయ్యమంటారు. ఆడపెళ్ళివారు ఉంచమంటారు. సగం తగాదాలు అక్కడే మొదలవుతాయి.

జోజమ్మ పెళ్ళి ఫొటో ఇంట్లో టీవీలో పెడితే ఎడమపట్టీలో జయకర్ పెద్దక్క వస్తుంది. భోజనాల దగ్గర ముందు ఎవరికో వడ్డించారని అలిగి అటు తిరిగి నిలబడిన మనిషి. ఇప్పటికీ ఇటు తిరగలేదు. కుడిపట్టీలో బ్యాండు మేళం వాడొకడు సోడా తాగుతుంటాడు.

"మరి స్కూలు ఫొటో పట్టీలో ఏమొచ్చింది?"

"ఎడమ పక్క మేక. కుడి పక్క ఆ మహానుభావుడి అరచెయ్యి, కాస్త ఖాళీ నేల, చివర్న ఒక పిల్లాడి కాలు. అంతే."

"నువ్వెక్కడున్నావసలు?"

"ఇంకా అవతల. చెట్టు కిందకి పోతున్నాను."

"ఫొటో తీస్తుంటే చెట్టు కిందకి పోవడమేంటే?"

జోజమ్మ ఆయన్ని ఒక చూపు చూసింది. ఆయన మళ్ళీ చిక్కుడుకాయల్లోకి వెళ్ళిపోయాడు.

పొమ్మన్నారు కాబట్టి పోయింది. ఆ ఉదయం ఇద్దరు చిన్నపిల్లలు కెమెరాని చూసి గుక్కపట్టారు. అమ్మల కోసం ఒకటే ఏడుపు. మిగతా టీచర్లు చీరలు సవరించుకుంటూ వరసలో నిలబడ్డారు, ఆ ఇద్దర్నీ చేరదీసింది జోజమ్మ. "ఏడుపు మొహాలు ఫొటోలో వద్దండీ, అవతలికి తీసుకుపోండి," అన్నాడు సువర్ణరాజు. ఇంకోటి తీసేటప్పుడు పిలుస్తామన్నాడు. ఇంకోటి తీయలేదు. ఫిల్ము అయిపోయింది.

రెండు రోజుల తర్వాత సువర్ణరాజు ఆఫీసుకి పిలిచాడు. వినీల కూడా ఉంది, మామగారి కుర్చీ పక్కన నిలబడి.

"చింతలపూడిలో ఎవరో స్కూలు పండక్కి పదహారడుగుల ఎల్.ఇ.డి. గోడ పెట్టారట మేడమ్. మనం ఇరవై నాలుగడుగులది చెప్పాం."

"ఎత్తు ఎంతండీ?"

"ఎత్తు ఎనిమిదే. అంతకన్నా పెంచితే స్టేజీ కప్పుకి తగుల్తుందట. వెడల్పు పెంచమన్నాను."

"అయితే మూడుకి ఒకటి అవుతుంది. మన పాత ఫొటోలన్నీ నాలుగుకి మూడు. అందులో సగం గోడ కూడా నిండదండీ."

"నాకు లెక్కలు చెప్పకండి మేడమ్. పెద్దగా ఉండాలి, నిండుగా ఉండాలి. ఇంకో మాట. మొదటి రోజు ఫొటో ఊరికే అలా వచ్చి ఇలా పోకూడదు. నాన్నగారి గురించి నేను మాట్లాడేంతసేపూ వెనకాల ఉండాలి."

"మీరు ఎంతసేపు మాట్లాడతారండీ?"

వినీల నవ్వు ఆపుకుంది. సువర్ణరాజు చూడలేదు. "అది దేవుడి చిత్తం," అన్నాడు.

ఆ తర్వాత, అతనేం తెలివితక్కువవాడు కాదు కాబట్టి, తలుపు వేయించి, "ఒకసారి ఆ పట్టీల్లో ఏముందో వేసి చూపించండి," అన్నాడు. ఆఫీసు టీవీలో పెట్టింది. ముగ్గురూ కాసేపు నల్లదనాన్ని చూస్తూ కూర్చున్నారు. మేక వచ్చింది. చెయ్యి పూర్తయి వేళ్ళు కనిపించాయి. ఖాళీ నేల. చివర్న పిల్లాడి కాలు, చెప్పు లేకుండా.

"చూశారా!" అన్నాడు సువర్ణరాజు, ప్రాణం లేచొచ్చినట్టు. "పిల్లాడు వస్తున్నాడు. నేను పిలుస్తున్నాను. చెప్పలా? ఇంతేనా ఇంకేమన్నా ఉందా?"

"ఈ టీవీలో ఇంతేనండీ," అంది జోజమ్మ.

"మామయ్యగారూ, వెనకాల అదే ఫొటోని మసకచేసి పెడితే పట్టీలు కనబడవు," అంది వినీల. "ఇప్పుడందరూ అలాగే చేస్తున్నారు."

అదీ పెట్టి చూపించింది జోజమ్మ. పట్టీల్లో మేక, చెయ్యి, కాలు అలాగే ఉన్నాయి, కళ్ళజోడు తీసేసి చూసినట్టు. "రేచీకటి పట్టినట్టుంది, తీసెయ్యండి," అన్నాడు సువర్ణరాజు. "నిండా పెట్టండి. ఎలా పెడతారో మీ ఇష్టం."

బయటికి వచ్చాక వరండాలో వినీల వెనకే వచ్చింది. "నాకసలు ఆ రోజు గుర్తే లేదు మేడమ్," అంది. "ఎవరున్నారో, ఎవరు లేరో."

"నీకు ఆ కుర్చీ కావాలా?"

"మామయ్యగారు ఎలా అంటే అలా మేడమ్."

కావాలనదు, వద్దనదు. అలాంటివాళ్ళ మీద కోపం కూడా సరిగ్గా నిలబడదు. అది మరీ చిరాకు. జోజమ్మ ల్యాబులోకి వెళ్ళి ఎల్.ఇ.డి. గోడ ఓనరుకి ఫోను చేసింది. ఆయన బాపులపాడు మనిషి, వెంకటకృష్ణారావు.

"గోడకి పిక్సెళ్ళు ఎన్నండీ?"

"పంతొమ్మిది వందల ఇరవై బై ఆరు వందల నలభై అమ్మా."

"అంత గోడకి అంతేనా? మా టీవీకే అంతకన్నా ఎక్కువ."

"దూరం నుంచి చూసేది కదమ్మా! దగ్గరికొస్తే చుక్కలే. చుట్టాల్లాగా. మీరు మాత్రం ఫైలు టీవీ సైజులో ఇవ్వకండి. మొన్నొకరు ఇచ్చారు, షష్టిపూర్తి దంపతులు ఇద్దరూ అప్పడాల్లా నలిగిపోయారు. ఆ పెద్దావిడ నన్ను తిట్టింది."

ఆమె ఫైలు సరిగ్గా గోడ సైజులో తెరిచింది. ఆ మొదటి రోజు ఫొటో అసలు ప్రింటు లేదు. ఎప్పుడో చిన్న స్కానరు మీద తీసింది ఒక్కటే మిగిలింది, దాంట్లో పిక్సెళ్ళు కూడా అంతంత మాత్రం. దాన్ని తెర ఎత్తుకి పెంచి మధ్యలో పెట్టింది. రెండు పక్కలా మిగిలిన నలుపు చూసింది. టీవీలో పట్టీ అరచెయ్యంత. ఇక్కడ ఒక్కో పట్టీ ఫొటోలో సగానికి పైనే ఉంది. తాను ఆ రోజు ఎంత దూరం వెళ్ళిందో మనసులో కొలుచుకుంది. ఏడుస్తున్న పిల్లలతో ఎవరైనా ఎంత దూరం వెళ్ళగలరు? లాప్‌టాప్ తెర గోడలా అంత పొడుగ్గా ఉండదు కాబట్టి అంత అవతల ఉన్నవాళ్ళు అందులో రారు, చూడడానికి వీల్లేదు. చూడాల్సిన అవసరం కూడా ఆమెకి కనిపించలేదు. సువర్ణరాజు చెప్పినట్టే ఇంకో రెండు కాపీలు చేసింది, ఒకటి కోసి, ఒకటి సాగదీసి. పెన్ డ్రైవులో మూడూ వేసింది. అతను అడిగినవన్నీ చేసింది. అడగంది ఒక్కటీ చెప్పలేదు.

రజతోత్సవం రోజు మధ్యాహ్నం గ్రౌండులో గోడ లేచింది. చుట్టూ తోటలు పూత మీద ఉన్నాయి. ఎవరో తేనెమంచు పురుగుకి మందు కొడుతున్నారు, ఆ వాసన, పూత వాసన కలిసి స్టేజీ దాకా వస్తోంది. స్పెషల్ బస్సులో పిల్లల బంధువుల్ని దింపి వచ్చిన జయకర్ ఖాకీ చొక్కాతోనే వెనక వరసలో కూర్చున్నాడు. వెంకటకృష్ణారావు వైర్ల మధ్య కుర్చీ వేసుకుని, "ఏది పెట్టమంటారండీ?" అన్నాడు.

"నిండుగా ఉన్నది," అన్నాడు సువర్ణరాజు.

కోసిన కాపీ పెట్టారు. ఇరవై నాలుగడుగుల వెడల్పున స్టీఫెన్ మాస్టారి కోటు గుండీలు, చేతికర్ర, ఒళ్ళో పుస్తకం కనిపించాయి.

"నాన్నగారి తలేదీ?"

"తల కావాలంటే పిల్లలు పోతారండీ," అంది జోజమ్మ. "వినీల కూడా పోతుంది."

"రెండూ కావాలి మేడమ్!"

సాగదీసింది పెట్టారు. బతికున్నన్నాళ్ళూ చెరుకుగడలా ఉన్న మాస్టారు గుమ్మడికాయలా కుర్చీ నిండా పొంగారు. కింద వరసలో వినీల ముక్కు రెండు పక్కలకీ పరుచుకుంది.

"పెద్దాయన నిండుగా ఉన్నారండీ," అన్నాడు వెంకటకృష్ణారావు.

"ఆయన ముద్దకి లెక్క చూసుకుని తిన్న మనిషయ్యా! మార్చు, మార్చు. జనం నవ్వుతారు."

మూడోది పెట్టేముందు జోజమ్మే అడిగింది, పట్టీల మీద పూల బోర్డరు వెయ్యమంటారా అని. స్టూడియోల్లో అడిగినట్టే అడిగింది. వెయ్యమన్నాడు. మధ్యలో చిన్న ఫొటో, అటు ఆరడుగుల పైన బంతిపూలు, ఇటు ఆరడుగుల పైన బంతిపూలు వచ్చాయి.

సువర్ణరాజు నెత్తి పట్టుకున్నాడు. "జూబిలీనా ఇది, సమాధుల పండగా? తీసెయ్యండి ఆ పూలు!"

"తీసేస్తే నలుపే ఉంటుందండీ."

"ఉండనివ్వండి. నలుపు మీద నాన్నగారి మొహం తేటగా వస్తుంది. పట్టీలో ఏముందో మనం చూశాం కదా, మేక తప్ప." అంతలో గేటు దగ్గర కారు హారను వినిపించింది. రాజమండ్రి నుంచి స్కూలు ట్రస్టు ప్రెసిడెంటు కిషోర్ బాబు గారు దిగుతున్నారు. సువర్ణరాజు శాలువా చేతిలో పట్టుకుని అటు పరిగెత్తాడు. వెంకటకృష్ణారావు ఎండకి గోడ ఏమీ కనబడటం లేదని స్విచ్చి ఆపేశాడు.

సాయంత్రం దీపాలు పెట్టేవేళకి గ్రౌండు నిండిపోయింది. ప్రార్థన అయింది, పిల్లల డాన్సులు అయ్యాయి. జోజమ్మ స్టేజీ పక్కన వైర్ల దగ్గర లాప్‌టాప్‌తో కూర్చుంది. ఆ సాయంత్రం కూడా ఆమెకి వరసలో కుర్చీ వెయ్యలేదు. కిషోర్ బాబు గారి ముందు టీపాయ్ మీద కొత్త హెడ్‌మిస్ట్రెస్ కోసం దండ సిద్ధంగా ఉంది. స్లైడ్ షో అయ్యాక పేరు చదవాలి. వినీల పట్టుచీరలో మొదటి వరసలో కూర్చుంది.

సువర్ణరాజు మైకు అందుకున్నాడు. జోజమ్మ మొదటి రోజు ఫొటో పెట్టి, వేలు మీటల మీద నుంచి తీసేసింది.

"నాన్నగారు," అన్నాడు అతను, "ఈ షెడ్డులో, ఈ గడ్డిలో మొదలుపెట్టారు. నేను అప్పుడు కుర్రాణ్ణి. ఈ చెయ్యి చూడండి."

జనం చెయ్యి చూశారు. ఎడమపక్క నలుపులో మేక వచ్చింది, మేక వెనక ఎవరిదో సైకిలు, సైకిలు వెనక గడ్డి దించుతున్న మనిషి. కుడిపక్క అరచెయ్యి పూర్తయింది. అంత పెద్దగా చూస్తే అది పిలిచే చెయ్యి కాదు. వేళ్ళు బయటికి చూస్తున్నాయి. ఈగని తోలే చెయ్యి అది.

"పిల్లల్ని రమ్మని పిలుస్తున్న చెయ్యి ఇది," అన్నాడు సువర్ణరాజు.

ఖాళీ నేల వెలిగింది. కాలు వచ్చింది. కాలు వెనక పిల్లాడు వచ్చాడు, అటు తిరిగి, ఒక చేతికి వేలాడుతూ, రానని కాళ్ళు నేలకి తన్నిపెట్టి. ఆ చెయ్యి ఎవరిదో రావడానికి ఇంకాస్త టైము పట్టింది. ముందు చీరంచు, తర్వాత చంకలో ఇంకో పిల్లాడు, ఆ పిల్లాడి ముక్కు తుడుస్తున్న కొంగు, తర్వాత మొహం. పాతికేళ్ళు కూడా లేని జోజమ్మ మెడ వెనక్కి తిప్పి ఆ అరచెయ్యిని చూస్తోంది. ఫొటోలో ఉన్న మాస్టారూ టీచర్లూ ఆ కాసిన్ని పిక్సెళ్ళు చాలక అలుక్కుపోయినట్టున్నారు. పట్టీలో ఉన్నదానికి పిక్సెళ్ళతో పని లేదు. ఆమె కనుబొమ్మలు, బిగపట్టిన పెదవులు, చెవి దగ్గర చెమట, అన్నీ వెనక వరస దాకా తేటగా కనిపించాయి. ఆరడుగుల ఎత్తున కోపం.

ముందు ఆడవాళ్ళ వరసలో కదలిక వచ్చింది. "ఆ చంకలో వాడు మా అనురాగే!" అంటూ లేచింది రాగిణి, కూరగాయల మార్కెట్ వెనక ఉండే ఆవిడ. "వాడే! ఆ ఎర్ర నిక్కరు నేనే కుట్టాను. మొదటి రోజు బడిలో దింపి వచ్చేస్తే టీచరమ్మ చీర మీద కక్కాడు. ఏరా, అనురాగ్, చూడరా నీ మొహం!"

నవ్వులు లేచాయి. సువర్ణరాజు ఆ నవ్వులు తన మాటలకే అనుకుని ఇంకాస్త గొంతు పెంచాడు. "ఈ చెయ్యి ఆ రోజు నుంచి దించలేదు నేను!"

ఈసారి గ్రౌండంతా నవ్వింది. వెనకనుంచి ఎవరో, "దించండి సార్, టీచరమ్మ పోతోంది!" అని అరిచారు. ఆ గొంతు కండక్టరు గొంతులా ఉంది. అప్పుడు సువర్ణరాజు వెనక్కి తిరిగి చూశాడు. గోడకి మరీ దగ్గరగా నిలబడ్డాడు కాబట్టి అతనికి ముందు చుక్కలే కనిపించి ఉంటాయి. మూడడుగులు వెనక్కి వేశాడు. ఇంకో రెండు వేశాడు. మైకు దింపాడు.

కిషోర్ బాబు గారు జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, గోడ ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశారు. వైర్ల దగ్గర కూర్చున్న జోజమ్మ వైపు తిరిగారు.

"ఆవిడ మీరేనా అమ్మా?"

"నేనేనండీ."

"ఫొటో ఎప్పటిది?"

"మొదటి రోజుదండీ. డైరీ మీద రాసే ఉంటుంది."

ఆయన వినీల వైపు చూశారు. వినీల లేచి నిలబడి, ఆ సాయంత్రం మొత్తానికి ఒక్కసారి, ఎవరినీ అడక్కుండా, దండ తీసి ఆయన చేతికి ఇచ్చింది. ఆయన మైకులో జోజమ్మ పేరు చదివారు. జనం చప్పట్లు కొట్టారు. పట్టీలో ఎవరు కనిపించారు, ఎలా కనిపించారు అని అడిగినవాళ్ళు లేరు. కనిపించింది, సరిపోయింది.

స్టేజీ మెట్లెక్కుతుంటే ఆమెకి సంతోషం రాలేదు. స్టాఫంతా నిలబడి చప్పట్లు కొడుతున్నారు, లెక్కల మాస్టారు అందరికన్నా గట్టిగా. మనిషి ఎదురుగా నిలబడి ఉన్నానని చెప్తే ఒక్కడికీ వినబడలేదు. గోడ చెప్తే అందరికీ వినబడింది. దండ మెడలో పడుతుంటే ఆమె కళ్ళు లెక్కల మాస్టారి మీదే ఉన్నాయి. ఆయన చప్పట్లు కాస్త నెమ్మదించాయి.

భోజనాల దగ్గర సువర్ణరాజు వచ్చాడు, చేతిలో బొకేతో. మొహం కడుక్కుని వచ్చినట్టున్నాడు. చుట్టూ పదిమంది ఉండేలా చూసుకునే వచ్చాడు.

"మేడమ్, కుర్రతనంలో ఏదో జరిగిపోయింది. మొన్న నేనన్నది కూడా... మనమంతా ఒక కుటుంబం. మనసులో పెట్టుకోకండి."

"పెట్టుకుంటానండీ," అంది జోజమ్మ.

అతను నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. ఆమె నవ్వలేదు. బొకే తీసుకుని పక్క కుర్చీలో పెట్టి, పప్పు వడ్డించమంది.

ఇంటికి వెళ్ళేటప్పుడు స్కూటరు మీద జయకర్ అన్నాడు, "పోనీలేవే. కుర్చీ వచ్చింది కదా. ఇక వదిలెయ్."

"కుర్చీ నాది. వచ్చింది. కోపం కూడా నాదే. దాన్నెందుకు ఇచ్చెయ్యాలి?"

సోమవారం నుంచి హెడ్‌మిస్ట్రెస్ గదిలో కూర్చుంది. సువర్ణరాజుతో రోజూ పనే. అతను వస్తే కుర్చీ చూపిస్తుంది, టీ తెప్పిస్తుంది, సంతకాలు పెడుతుంది, ఫీజుల మీద వాదిస్తుంది, తరచుగా గెలుస్తుంది. వినీలకి ఎనిమిదో తరగతి కూడా ఇచ్చింది, బాగానే చెప్తోంది కాబట్టి. గొంతు ఎప్పుడూ పెంచలేదు. అందువల్ల అంతా సర్దుకుందని ఊళ్ళో అనుకున్నారు.

ఈస్టరు ముందు తపస్కాలంలో పాపసంకీర్తనానికి వెళ్ళింది, చేసిన పాపాలు ఫాదర్‌కి చెప్పుకోవడానికి. జాలీకి అవతల నుంచి ఫాదర్ అడిగారు, ఎవరి మీదైనా కోపం ఉంచుకున్నావా అమ్మా అని.

"ఉంచుకున్నాను ఫాదర్."

"వదిలెయ్యాలని ఉందా?"

"లేదు ఫాదర్."

ఆయన మరియమ్మకి ఐదు మంగళవార్త జపాలు చెప్పుకోమన్నారు. మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్క మాట మింగకుండా ఐదూ చెప్పింది. మర్నాడు ఉదయం సువర్ణరాజు ఆఫీసుకి వస్తే లేచి నిలబడి నమస్కారం పెట్టింది, టీ తెప్పించింది. క్షమించలేదు. ఆ తర్వాత కూడా క్షమించలేదు.